కడప సీమలో కడలి దిబ్బలు

సముద్రగర్భమున మునిగి పగడపు దిబ్బలను చూచి రావలెనను వేడుక ఇటీవల మన దేశమునందును పెరుగుచున్నది. అది సులభమైన యాత్ర కాదు. లక్షదీవులకు పోవువారు ముందుగా ప్రవేశానుమతి సంపాదింపవలెను. అండమాను దీవులలో వండూరు కడ 1983లో ఏర్పడిన మహాత్మాగాంధి సాగర జాతీయోద్యానమున జాలీబాయ్, రెడ్‌స్కిన్ అను రెండు దీవులు కలవు. ఏటిలో కొన్ని నెలలు ఒకదానిని, తక్కిన నెలలు రెండవదానిని మాత్రమే యాత్రికులకు తెఱచి యుంచుదురు. మనుష్యుల రాకపోకల నుండి దిబ్బకు కొంత విశ్రాంతి దొరకుట ఇందలి ప్రయోజనము. ఏ ఋతువున పోవలెను, ఎవరి అనుమతి కావలెను, ఏమి వెంట గొనిపోవలెను, అచ్చట ఏమి చేయరాదు అను నాలుగు ప్రశ్నలకు సమాధానము దొరకిన గాని అట్టి యాత్రకు బయలుదేరుట తగదు.

ఈ ప్రశ్నలనే కర్నూలు, కడప సీమలలో అడిగినచో వినువారు నవ్వుదురు. సముద్రపు గాలి సోకని నేల అది. వాన కొఱకు ఆకసము వంక చూచుట అలవాటైన నేల. 1876 మొదలు 1878 వఱకు సాగిన ధాత కరవును తాతల నోట విని భయపడిన తరములు అచ్చట పెరిగినవి. అట్టి సీమలో కడలి దిబ్బల మాట యెత్తుట వేళాకోళమువలె తోచును. అయినను మన దేశమందలి మిక్కిలి ప్రాచీనములైన కడలి దిబ్బలలో కొన్ని ఈ సీమయందే కలవు. వానిని చూచుటకు మునుగ నక్కరలేదు. అగస్త్యుడు సముద్రమును పుడిసిట బట్టి త్రాగెనని పురాణములు చెప్పును. ఇచ్చటి సముద్రమును త్రాగినది కాలము. నీరు పోయినది, దిబ్బలు నిలిచినవి. వానిని గుర్తించిన చరిత్రను, చూచి వచ్చు పద్ధతిని, కాపాడవలసిన అగత్యమును ఈ ప్రసంగమున వివరింప నెంచితిమి.

సముద్రము సంగతి తెలియకున్నను, అది విడిచిపోయిన రాళ్ళ సంగతి మన పూర్వులకు బాగుగ తెలియును. పొరలు పొరలుగ లేచు నాపరాయిని తీసి యిండ్లకు పఱచిరి, అరుగులు కట్టిరి, కప్పులకు సయితము వాడిరి. బలపపురాయిని చెక్కి పాత్రలు చేసిరి. బనగానపల్లె పరిసరములలో గట్టి ఇసుకరాతి క్రింద గుంటలు త్రవ్వి వజ్రములు వెదకిరి. పెన్న కోసిన లోయ అంచున, ఎఱ్ఱని రాతి గోడపై గండికోట కట్టిరి. ఏ రాయి చీలును, ఏది చీలదు, ఏది కాల్చిన సున్నమగును అను విషయములు ఒడ్డెవాని సమ్మెటకు తెలిసినంతగా పండితుని గంటమునకు తెలియవు. ఆ జ్ఞానము చేతిలో నుండినదే గాని పుస్తకమున కెక్కలేదు.

పుస్తకమున కెక్కుట 1800 తరువాతి మాట. ఆ సంవత్సరమున నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగ వచ్చి భూములను కొలిపించెను. కాలిన్ మెకంజీ పంపిన మన తెలుగు పండితులు గ్రామ గ్రామమునకు పోయి కరణముల కడ కైఫియత్తులు వ్రాసికొనిరి. ఊరు ఎట్లు వెలసినది, చెఱువు ఎవరు కట్టించిరి, గుడికి ఎవరు మాన్యమిచ్చిరి అను సంగతులు ఆ కైఫియత్తులలో నిండుగ నున్నవి. ఊరు నిలిచిన రాతికి మాత్రము కైఫియత్తు లేదు. బెంజమిన్ హైన్ అను వైద్యుడు 1814లో ప్రకటించిన గ్రంథమున కడప ప్రాంతపు వజ్రపు గనులను వర్ణించెను. 1839లో కర్నూలు నవాబు రాజ్యము కంపెనీ వశమైన పిదప, మద్రాసు సైన్యమునకు చెందిన కెప్టెన్ న్యూబోల్డ్ ఆ సీమలో తిరిగి, బేతంచెర్ల దాపుననున్న బిళ్ళసర్గము గుహలను గూర్చి 1844లో వ్రాసెను. ఇవన్నియు ముక్కలు ముక్కలుగ దొరకిన విశేషములు. మొత్తము రాతిసీమను ఆదినుండి అంతము వఱకు చదివి చెప్పినవాడు విలియం కింగ్.

కింగ్ భారత భూగర్భ పరిశీలన శాఖలో 1857లో చేరెను. ఆయన తండ్రి పేరును విలియం కింగే. ఐర్లండులోని గాల్వే కళాశాలలో ఆచార్యుడు. జర్మనీలో దొరకిన ప్రాచీన మానవుని కపాలము వేఱొక మానవజాతిదని చెప్పి నియాండర్తల్ మానవుడను పేరు పెట్టినవాడు. కుమారుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్‌తో కలిసి 1863లో మద్రాసునకు వాయవ్యమున అత్తిరంపాకము కడ రాతి పనిముట్లను కనుగొనెను. పిమ్మట దత్తమండలముల కొండలలో ఏండ్ల తరబడి తిరిగి, కడప కర్నూలు శిలలను గూర్చి ఒక బృహద్గ్రంథమును వ్రాసెను. అది 1872లో ఆ శాఖవారి గ్రంథమాలలో ఎనిమిదవ సంపుటముగ వెలువడినది. రాతికి కైఫియత్తు వ్రాసినవాడు కింగే యనవచ్చును.

ఆ గ్రంథమందలి గొప్పతనము ఒకటి మన తెలుగువారు ప్రత్యేకముగ గమనింపదగినది. శిలలకు పేర్లు పెట్టవలసి వచ్చినపుడు కింగ్ తన దేశపు పేర్లను తేలేదు. ఏ శిల ఏ యూరి కడ, ఏ నది గట్టున చక్కగ కనబడెనో ఆ యూరి పేరే, ఆ నది పేరే దానికి పెట్టెను. అడుగున నున్న వర్గమునకు పాపఘ్ని అని పేరు. దానిపై చెయ్యేరు, నల్లమల, కృష్ణ అను వర్గములు. పాపఘ్ని వర్గములో మొదటిది గువ్వలచెరువు శిల, రెండవది వేంపల్లె శిల. తరువాత పులివెందుల, తాడిపత్రి, కంభము వచ్చును. వీని పైని పిన్న వయస్సు గల కర్నూలు శిలలకు బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యము, కుందేరు అను పేర్లు. పాలకోవ కొఱకు బండి ఆపు గువ్వలచెరువు పేరు ప్రపంచమందలి భూగర్భశాస్త్ర గ్రంథములలో నూటయేబది ఏండ్లుగ నిలిచియున్నదని ఆ కోవ తినువారిలో ఎందఱికి తెలియును?

ఈ శిలలన్నియు కలిసి నెలవంక యాకారమున నున్న ఒక పల్లపు సీమను నింపినవి. దాని పొడవు సుమారు 440 కిలోమీటర్లు. నడుమ వెడల్పు సుమారు 145 కిలోమీటర్లు. శాస్త్రజ్ఞులు దీనిని కడప ద్రోణి యందురు. ఇది యొకప్పుడు సముద్రమను సంగతి కింగ్ కాలము వారికే తెలియును. ఇసుకపై అల గీచిన గీతలు, ఆటుపోటుల నడుమ ఎండి పగిలిన ఒండ్రు బీటలు అట్లే రాయియై నిలిచియున్నవి. కాని ఆ సముద్రములో ప్రాణి యేదైన నుండెనా? ఈ ప్రశ్నకు ఆనాటివారు లేదనియే చెప్పిరి. గవ్వ లేదు, చేప యెముక లేదు, ఆకు ముద్ర లేదు. కడప శిలలు శిలాజములు లేని శిలలని పేరు పడినవి.

ఈ కొఱత కడపకు మాత్రమే పరిమితము కాదు. ప్రపంచమున అంతటను అట్టి ప్రాచీన శిలలలో జీవచిహ్నములు కనబడవయ్యెను. 1859లో డార్విన్ తన మహాగ్రంథమున ఈ లోపమును దాచక చెప్పెను. జీవులు క్రమముగ మాఱుచు వచ్చినవన్నచో, తొలి శిలలలో వాని పూర్వుల జాడ యేల లేదను ప్రశ్నకు తాను సరియైన సమాధానము చెప్పజాలనని ఒప్పుకొనెను. 1883లో జేమ్స్ హాల్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు న్యూయార్కు రాష్ట్రమున పొరలు పొరలుగ గుండ్రముగ నున్న రాతిరూపములను వర్ణించి, ఇవి జీవులు కట్టినవే యనెను. 1908లో జర్మను శాస్త్రజ్ఞుడు కల్కోవ్‌స్కీ అట్టి వానికి స్ట్రోమటోలైటు అను పేరు పెట్టెను. గ్రీకు భాషలో దీనికి పఱపురాయి యని యర్థము. పఱుపుపై పఱుపు వేసినట్లుండుటచే ఆ పేరు తగియున్నది. అయినను సందేహము తీఱలేదు. 1931లో సీవర్డ్ అను ప్రసిద్ధ వృక్షశిలాజ శాస్త్రవేత్త ఇవి జీవులు కట్టినవని నమ్ముటకు తగిన సాక్ష్యము లేదనెను.

మన దేశపు శాస్త్రజ్ఞులు మాత్రము 1940వ దశకముననే కడప సున్నపురాళ్ళలో ఈ పొరల రూపములను గుర్తించి, ఇవి నాచుజాతి కట్టినవని ప్రకటించిరి. 1960వ దశకపు తొలి సంవత్సరములలో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్. వైద్యనాథన్ వీనిని గూర్చి వ్రాసెను. ఈ నడుమనే రెండు దూరదేశములనుండి సాక్ష్యము వచ్చినది. 1954లో అమెరికా ఖండమందలి సుపీరియర్ సరస్సు గట్టున, ఇట్టి పఱపురాళ్ళ నడుమనున్న చెకుముకి రాతిలో అతిసూక్ష్మములైన జీవుల రూపములు దొరకినవని టైలర్, బార్గూర్న్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. పడమటి ఆస్ట్రేలియాలో షార్కు అఖాతపు హామెలిన్ మడుగున, ఇట్టి దిబ్బలను నేటికిని జీవులే కట్టుచుండుటను గూర్చి బ్రయన్ లోగన్ 1961లో వ్రాసెను. చచ్చిన భాష యనుకొన్నదానిని మాటలాడు ఊరు ఒకటి కనబడినట్లయ్యెను. ఆ యూరి పలుకుబడితో కడప రాతిని చదువుట సాధ్యమైనది.

కంటికి కానరాని ఆ జీవులు ఇంత దిబ్బను ఎట్లు కట్టినవి? మన బావి మెట్లపై జాఱు నాచును తలచుకొనినచో కొంత బోధపడును. వెలుతురు సోకు లోతులేని నీటి యడుగున నీలిహరిత జీవులు జిగురు చాపవలె అల్లుకొనును. అల తెచ్చిన సన్నని ఒండ్రు ఆ జిగురున కంటుకొనును. అవి వెలుతురుతో ఆహారము చేసికొనునపుడు నీటిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చుటచే సున్నము పేరుకొనును. ఒండ్రు కప్పినకొలది జీవులు వెలుతురు కొఱకు పైకి ప్రాకి క్రొత్త చాప అల్లును. అడుగు చాప రాయియగును. ఇట్లు పొరమీద పొర లేచి గుమ్మటముగనో స్తంభముగనో పెరుగును. హామెలిన్ మడుగులో ఈ పెరుగుదల ఏటికి అర మిల్లీమీటరు దాటదని కొలిచిరి. పగడపు పురుగులు దిబ్బలు కట్ట నేర్చుటకు నూఱు కోట్ల ఏండ్లకు ముందే కడప సముద్రమున ఈ పని సాగినది. ఈ సముద్రపు శిలలలోనికి చొచ్చుకొని వచ్చిన నల్లరాతి పలకల వయస్సును లెక్కించి, అవి సుమారు 188 కోట్ల సంవత్సరముల నాటివని తేల్చిరి. వేంపల్లె దిబ్బలు వానికంటెను ప్రాచీనములు. మనము పీల్చు ప్రాణవాయువు భూమిపై నిండుటకు ఈ జాతి జీవులే మూలమని శాస్త్రజ్ఞుల మతము. కనుక వేంపల్లె రాయి మన ఊపిరి కైఫియత్తులో ఒక పుట.

ఇక యాత్ర సంగతి. ఋతువు విషయమున సందేహము లేదు. చైత్ర వైశాఖములలో ఈ రాళ్ళు పెనమువలె కాలును. కార్తికము మొదలు మాఘము వఱకు తగిన కాలము. వానలకు కడిగిన రాయి స్పష్టముగ నుండును. ఎండ వాలుగ పడును. రోజంతటిలోను ప్రొద్దుపొడుపు, ప్రొద్దుగ్రుంకు వేళలు మేలు. నడిమింటి యెండలో పొరలన్నియు ఒకే తెలుపై కనబడక పోవును. వాలు వెలుతురులో ప్రతి పొరకును సన్నని నీడ పడి, రాయి తన్ను తాను చదివి వినిపించును.

మార్గమును కాలక్రమము ననుసరించి నిర్ణయించుకొనుట యుక్తము. మొదటి దినమున రాయచోటి వైపునుండి గువ్వలచెరువు కనుమ మీదుగ కడపకు రావలెను. రాయచోటి కడ కనబడు గుండ్లు సముద్రము పుట్టుటకు ముందటి నేల. కనుమయందు ఆ గుండ్లపై గట్టి ఇసుకరాయి కూర్చుండియుండును. దాని యడుగు పొరలలో నదులు ఈడ్చుకొని వచ్చిన గులకరాళ్ళు పొదిగియుండును. అదియే తొలి తీరము. కనుమ ఎక్కి దిగుటయనగా నేల విడిచి నీటిలో అడుగు పెట్టుట.

రెండవ దినము వేంపల్లెకు, పులివెందులకు. పాపఘ్ని కొండను చీల్చుకొని వచ్చు గండి కడ ఆంజనేయస్వామిని సేవించుకొని ముందుకు సాగవచ్చును. ఆ నది ఈ రాతిని కోసి పొరలను బయలుపఱచినందుననే కింగ్ ఆ పేరును వర్గమంతటికి పెట్టెను. వేంపల్లె శిల వేయి మీటర్లకు మించిన మందము గలది. ఇది బూడిదవన్నె డోలమైటు సున్నపురాయి. పై ముఖమున గీతలు గీతలుగ ఏనుగు చర్మమువలె ముడుతలు పడియుండును. నడుమ నడుమ గట్టి చెకుముకి పట్టీలు ఉబ్బి నిలిచియుండును. ఇది చూచి క్రొత్తవారు దిబ్బ దొరకినదని భ్రమింతురు. తొందరపడరాదు. రాయి నిలువుగ విఱిగిన చోటు వెదకవలెను. అచ్చట పొరలు ఒకదానిపై నొకటి బోర్లించిన మూకుళ్ళవలె వంపు తిరిగియున్నచో అది దిబ్బ. అదే దిబ్బను పైనుండి చూచినపుడు, అడ్డముగ కోసిన ఉల్లిగడ్డవలె వలయములు వలయములుగ కనబడును. మూకుడు వీపు ఎటున్నదో అటే ఆనాటి సూర్యుడు. ఇన్ని కోట్ల ఏండ్లకు పిమ్మటను వెలుతురు వచ్చిన దిక్కును రాయి మఱవలేదు.

మూడవ దినము జమ్మలమడుగు, గండికోట. అచ్చటి ఎఱ్ఱని శిల తాడిపత్రి పలకరాతికి పైది. ఆ పలకరాతి నడుమను పఱపురాళ్ళు కలవు. పిమ్మట బెలుము గుహలు చూడదగినవి. అవి నాటి కర్నూలు జిల్లాలోనివి. 2022 నుండి నంద్యాల జిల్లాలోనివి. ఇవి వేంపల్లె సముద్రమునకు ఎంతో పిన్నదైన మఱియొక సముద్రము విడిచిన నార్జి సున్నపురాతిలో, నీరు తొలిచిన దారులు. 1884లో బ్రూస్ ఫుట్ వీనిని గూర్చి వ్రాసెను. 1982 మొదలు జర్మను దేశపు గుహాన్వేషకులు గెబావర్ నాయకత్వమున కొలిచిరి. 3,229 మీటర్ల పొడవు గల ఈ గుహలు 2002లో ప్రజలకు తెఱవబడినవి. మొదటి దినము తీరము, రెండవ దినము దిబ్బ, మూడవ దినము సముద్రము పోయిన తరువాతి నీటి పని. మూడు దినములలో ఒక కథ పూర్తియగును.

వెంట గొనిపోవలసిన సామగ్రి స్వల్పము. తలకు గుడ్డ, కాలికి గట్టి చెప్పులు, ఒక భూతద్దము, ఒక మెత్తని కుంచె, త్రాగుటకు పోగా మిగులునట్లు నీరు. ఈ కడపటిది ముఖ్యము. దుమ్ము పట్టిన రాతిని కుంచెతో తుడిచి దానిపై చెంబెడు నీరు పోసినచో, అంతవఱకు కనబడని పొరలు వన్నె తేఱి లేచి నిలుచును. ఇతర దేశములలో దిబ్బను చూచుటకు మనము నీటిలోనికి పోవుదుము. ఇచ్చట మన చెంబులోని నీరు దిబ్బ కడకు పోవును.

అనుమతి విషయము మఱవరాదు. కొండలలో చాల భాగము రక్షితారణ్యము. అటవీశాఖవారి అనుమతి లేక అడుగు పెట్టరాదు. గనుల పరిధిలో గని అధికారుల సెలవు కావలెను. చేను గట్టున దిబ్బ కనబడినచో ఆ చేను రైతును అడుగుట మర్యాద. అడిగినచో అతడే ఇంతకంటె మంచి రాయి ఏ వంకలో నున్నదో చూపును. ఇక చేయరాని పని ఒక్కటే. సుత్తి ముట్టరాదు. పరిశోధకునకు రాతిముక్క కావలసి యుండవచ్చును; యాత్రికునకు ఛాయాచిత్రము చాలును. ఇంటి అలమారులో పెట్టిన ముక్కకు అర్థము లేదు. ఏ పొరపై ఏ పొర యున్నదో చెప్పునది దిబ్బ నిలిచిన చోటే.

యాత్రికుని సుత్తి చిన్నది. దానికంటె పెద్ద సుత్తులు ఈ సీమలో చాల కాలముగ పని చేయుచున్నవి. దీనిని తప్పుగ చెప్పుట మా యుద్దేశము కాదు. వర్షము నమ్మరాని నేలలో రాయియే పంట. నాపబండలు తీసి ఎఱ్ఱగుంట్ల, బేతంచెర్ల ప్రాంతముల కుటుంబములు బ్రతుకుచున్నవి. సిమెంటు కర్మాగారములు సున్నపురాతి కొఱకే వచ్చినవి. పులివెందుల దాపున, నల్లరాయి వేంపల్లె డోలమైటును కాల్చిన చోట రాతినార ఏర్పడినది. దానిని ఏండ్ల తరబడి త్రవ్విరి. ఆ నార ఊపిరితిత్తులకు హానియని తెలిసిన పిదప ఆ పని అణగినది. అన్నిటికంటె విశేషము తుమ్మలపల్లెది. 2012లో పని మొదలిడిన అచ్చటి యురేనియము గని త్రవ్వుచున్నది వేంపల్లె డోలమైటునే. నాచు చాపలు కట్టిన పొరలతో పెనవేసికొనియే ఆ ఖనిజము చేరినది. దేశమునకు విద్యుచ్ఛక్తి కావలెను. చుట్టుపట్ల పల్లెల రైతులకు మంచినీరు కావలెను. తమ బావులు చెడుచున్నవని వారు చెప్పిన మొఱలు తోసివేయదగినవి కావు. ఈ రెంటి నడుమ, మాటలాడనేరని రాతి పక్షమున ఎవరు మాటలాడుదురు?

హామెలిన్ మడుగు మనకొక పాఠము చెప్పుచున్నది. పూర్వము అచ్చట ఉన్ని మూటలు ఓడ కెక్కించుటకు బండ్లను తీరము వఱకు ఈ దిబ్బల మీదుగ తోలిరి. ఆ బండి చక్రముల జాడలు నేటికిని అట్లే యున్నవి. ఏటికి అర మిల్లీమీటరు పెరుగు వస్తువునకు గాయము మానుట మనుష్యుని ఆయుఃప్రమాణమున జరుగదు. అది తెలిసి ఆ ప్రభుత్వము దానిని రక్షిత ప్రదేశముగ చేసినది. 1991లో షార్కు అఖాతము ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. అచ్చటిది బ్రతికిన దిబ్బ. గాయము ఎంత ఆలస్యముగనైనను మాను ఆశ కలదు. కడపది రాతి దిబ్బ. దానికి ఆ ఆశయు లేదు.

మన దేశమున ఇట్టి రక్షణ తెలియనిది కాదు. రాజస్థానములో భోజుండా, ఝామర్‌కోట్రా కడ నున్న పఱపురాళ్ళను భూగర్భ పరిశీలన శాఖవారు జాతీయ భూగర్భ స్మారకములుగ ప్రకటించిరి. ఝామర్‌కోట్రాలో ఎరువు కొఱకు ఫాస్ఫేటు రాతిని త్రవ్వుచునే దిబ్బకొక చోటు విడిచిరి. కడప ద్రోణియందే రైల్వేకోడూరు దాపున మంగంపేట ముగ్గురాతికి అట్టి గౌరవము దక్కినది. భూవారసత్వ ప్రదేశముల రక్షణకు చట్టము చేయ సంకల్పించి 2022లో ప్రభుత్వమువారు ముసాయిదాను ప్రజల ముందుంచిరి. వేంపల్లె దిబ్బలలో ఒకటి రెండు మంచి చోట్లకైనను ఇట్టి గుర్తింపు కోరుట అత్యాశ కానేరదు. గనులు మూయనక్కరలేదు. ఒక వంక గట్టు, ఒక పాత గని గోడ, చుట్టు కంచె, తెలుగున వ్రాసిన ఒక పలక, దారి చూపుటకు ఆ యూరి యువకులు ఇద్దఱు, ఇంత చాలును.

ఇది జరుగజాలదనువారికి కలివికోడి కథ సమాధానము. 1848లో బ్లైత్ వర్ణించిన ఆ పక్షి 1900 తరువాత కానరాక, నశించినదనుకొనబడినది. 1986లో కడప జిల్లా ముండ్లపొదలలో అది మరల కనబడినది. ముందుగ దానిని ఎఱిగి చూపినవారు ఆ పల్లెల జనులే. రెండేండ్లకు లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. పిమ్మట ఆ పక్షి తిరుగు పొదల కడకు తెలుగుగంగ కాలువ వచ్చినపుడు కాలువ మార్గమునే మార్చిరి. నీటికొఱకు పరితపించు సీమలో ఒక పిట్ట కొఱకు కాలువ ప్రక్కకు తొలగినది. ఇంతటి ఔదార్యము చూపిన సీమకు, ఎగిరి పోలేని దిబ్బకు నాలుగు గజముల చోటు విడుచుట భారము కాదు.

అందుకు మొదటి మెట్టు తెలిసికొనుట. వేంపల్లె బడిలో చదువు పిల్లవానికి తన యూరి పేరు ఏ దేశపు గ్రంథములలో ఏల నున్నదో తెలియవలెను. పులివెందులలో బండలు కొట్టు కూలికి, తన సమ్మెట క్రింద పొరలు వంపు తిరిగి కనబడినపుడు ఒక క్షణము ఆగి ఉపాధ్యాయుని పిలువవలెనని తోచవలెను. ఉపాధ్యాయులు పిల్లలను మాఘమాసపు ఉదయమున ఒక వంకకు తీసికొనిపోయి, చెంబెడు నీరు రాతిపై పోసి చూపవలెను. ఆ పొరలు లేచి కనబడినపుడు పిల్లలు అడుగు ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు ఆ దిబ్బ అచ్చటనే నిలిచియుండవలెను.